పాత లాకు ఇంకెన్నాళ్లు పనిచేస్తుంది? ఏళ్ల లెక్క సరిపోదు, ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందో చూడాలి

విజయవాడలో ‘ఏలూరు లాకులు’ అంటే ఆటో డ్రైవర్‌కు దారి చెప్పాల్సిన పని ఉండదు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు సినిమా షూటింగులకు పేరు. ఇలాంటి పేర్లు మీకు తెలిసే ఉంటాయి. కానీ లాకు తలుపులు మూసి, నీళ్లు నింపి, పడవను పైకి ఎత్తడం చూసినవాళ్లు ఇప్పుడు పెద్దతరంలోనే ఎక్కువ. అందుకే ‘పాత లాకు బలంగా ఉందా?’ అనే ప్రశ్న మన దగ్గర వార్తల్లోకి అరుదుగా వస్తుంది. ఒకవేళ వచ్చినా అది ‘ఎన్నేళ్ల నాటిది’ అన్న దగ్గరే ఆగిపోతుంది.

వయసు ఒక్కటే తెలుసుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. ఒకే ఏడాది కట్టిన రెండు లాకుల్లో ఒకటి దివ్యంగా ఉండొచ్చు, రెండోది ప్రమాదం అంచున ఉండొచ్చు. తేడా ఎక్కడ వస్తుందో, ఇంజినీర్లు దాన్ని ఎలా కనిపెడతారో ఈ కథనంలో చూద్దాం. ఉదాహరణలకు అమెరికాలోని టెనెసీ నదిని తీసుకుంటున్నాం. ఆ ఒక్క నది మీదే మూడు లాకులు మూడు రకాలుగా దెబ్బతిన్నాయి. గేటు ఉక్కు, గోడ కాంక్రీటు, పునాది నేల మూడూ ఆ అనుభవాల్లో ఉన్నాయి. చివర్లో మన డెల్టా లాకుల సంగతికి వద్దాం.

లాకు అంటే ఏమిటి?

నది మీద డ్యామో ఆనకట్టో కడితే పైన నీటిమట్టం ఎక్కువ, కింద తక్కువ. పడవ ఆ ఎత్తును దాటాలంటే మెట్టు లాంటిది కావాలి. లాకు అలాంటి నీటి మెట్టు. రెండు పక్కలా పొడవాటి గోడలు, రెండు చివర్లా తలుపులు ఉన్న గది అనుకోండి. పడవ కింది తలుపు గుండా లోపలికి వస్తుంది. తలుపు మూస్తారు. గోడల్లోనో, నేల కిందో ఉండే తూముల గుండా పైనుంచి నీళ్లు వదులుతారు. గది నిండుతుంటే పడవ దానంతట అదే పైకి లేస్తుంది. పై తలుపు తీస్తే బయటికి వెళ్లిపోతుంది. నీటిని ఎత్తడానికి పంపులు అక్కర్లేదు. పని మొత్తం భూమ్యాకర్షణే చేస్తుంది.

పెద్ద లాకుల్లో తలుపులు జంటగా ఉంటాయి. మూసినప్పుడు రెండూ ఎగువ వైపు మొన తేలి కలుసుకుంటాయి. నీళ్లు ఎంత తోస్తే అవి అంత గట్టిగా ఒకదానికొకటి బిగుసుకుంటాయి. తోపు బలమంతా తలుపుల గుండా పక్క గోడల్లోకి వెళుతుంది. ఈ ఏర్పాటు వందల ఏళ్ల నాటిది, ఇప్పటికీ మారలేదు. అయితే దీనివల్ల తలుపు, గోడ ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. తలుపు సరిగ్గా మూసుకోవాలంటే గోడ కదలకుండా ఉండాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

విల్సన్ లాకులో ఏం జరిగింది?

అలబామా రాష్ట్రంలో ఫ్లోరెన్స్ పట్టణం దగ్గర విల్సన్ డ్యామ్ ఉంది. అక్కడి ప్రధాన లాకును 1959లో ప్రారంభించారు. గది వెడల్పు 110 అడుగులు, పొడవు 600 అడుగులు. పడవలను 90 అడుగులకు పైగా, అంటే దాదాపు 28 మీటర్లు, ఎత్తుతుంది. ఒక్కసారి నిండడానికి సుమారు 17 కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. లోపల నిండుగా, దిగువన ఖాళీగా ఉన్నప్పుడు కింది తలుపు అడుగుభాగంలో ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 28 టన్నుల బరువు పడుతుంది. గది ఖాళీ కాగానే ఆ బరువంతా పోతుంది. మళ్లీ నింపగానే తిరిగి వస్తుంది.

2024 సెప్టెంబరు 25న ఆ లాకును ఉన్నట్టుండి మూసేశారు. తలుపు రెక్కలు రెండింటిలోనూ పగుళ్లు కనిపించాయి. పక్కన 1920ల నాటి చిన్న లాకు ఉంది కాబట్టి రవాణా పూర్తిగా ఆగలేదు. కానీ ప్రధాన లాకులో ఒక్కసారిగా దాటే బార్జిల గుంపును అక్కడ విడగొట్టి, ముక్కలు ముక్కలుగా దాటించాలి. పడవలు రోజుల తరబడి బారులు తీరాయి. ప్రధాన లాకు నెలల తరబడి తెరుచుకోలేదు.

ఈ సంఘటనలో తుపాను లేదు, భూకంపం లేదు, పడవ ఢీకొన్నదీ లేదు. తలుపు రోజూ చేసే పనే చేస్తూ వచ్చింది. 65 ఏళ్లు చేసింది.

ఉక్కుకు అలసట ఏమిటి?

ఇనుప తీగను చేత్తో ఒక్కసారి వంచితే విరగదు. అటూ ఇటూ ఇరవై సార్లు వంచితే పుటుక్కుమంటుంది. ఏ ఒక్క వంపూ దాన్ని విరిచేంత బలమైనది కాదు. నష్టమంతా మళ్లీ మళ్లీ వంచడం వల్ల వస్తుంది. ఇంజినీర్లు దీన్ని ఫెటీగ్, అంటే లోహపు అలసట అంటారు. తీగను మనం బాగా వంచుతాం కాబట్టి ఇరవై సార్లకే తెగుతుంది. లాకు తలుపులో వంపు కంటికి కనిపించదు కాబట్టి లక్షల సార్లు పడుతుంది. సూత్రం మాత్రం ఒకటే.

లాకు ఒకసారి నిండి ఖాళీ అయితే తలుపుకు ఒక ‘సైకిల్’ అయినట్టు. రోజుకు పది సైకిళ్లు నడిచే లాకులో ఏడాదికి 3,650, యాభై ఏళ్లలో దాదాపు 1 లక్షా 80 వేలు అవుతాయి. రోజుకు రెండే నడిచే లాకులో అదే యాభై ఏళ్లకు 36,500. కాగితం మీద రెండింటి వయసూ ఒకటే, తలుపుల వయసు మాత్రం ఐదింతల తేడా. వంతెన మీద లారీలు తిరిగే లెక్కతో పోలిస్తే ఈ సంఖ్యలు చిన్నవే. కానీ వంతెనకు ఒక లారీ తెచ్చేది అదనపు బరువు మాత్రమే. లాకు తలుపు ప్రతిసారీ దాదాపు సున్నా నుంచి పూర్తి బరువు దాకా వెళ్లి వస్తుంది.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి. వెల్డింగ్ చేసిన ఉక్కులో, ఒక్కో సైకిల్‌కు ఒత్తిడి ఎంత మారుతుందో ఆ మార్పు ఘనానికి విలోమంగా ఆయుష్షు ఉంటుంది. అంటే ఒత్తిడి మార్పు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. నాలుగో వంతు పెరిగినా చాలు, ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. తలుపు కాస్త వంగి మూసుకున్నా, తలుపుకూ గోడకూ మధ్య ఆనుకునే దిమ్మెలు అరిగి సందు ఏర్పడినా, తుప్పు పట్టి రేకు పలచబడినా ఒక చోట ఒత్తిడి పెరుగుతుంది. డిజైన్ కాగితాల్లో వందేళ్లు అని రాసుకున్న తలుపు అలాంటప్పుడు యాభై ఏళ్లకే అలసిపోతుంది.

పగులు సాధారణంగా వెల్డింగ్ అతుకుల దగ్గర మొదలవుతుంది. అతుకు చల్లారేటప్పుడు ఉక్కులో లాగుడు మిగిలిపోతుంది. దాంతో బయటి నుంచి నొక్కుడు మాత్రమే పడే భాగంలో కూడా పగులు పుట్టగలదు. రివిట్లతో కట్టిన పాత తలుపులకు ఈ విషయంలో ఒక మేలుంది. ఒక రేకులో పగులు వస్తే ఆ రేకు అంచు దగ్గర ఆగుతుంది, పక్క రేకులోకి పోదు. వెల్డింగ్ తలుపు మొత్తం ఒకే ముక్క. పగులుకు దారి తెరిచే ఉంటుంది. కొత్త పద్ధతి కాబట్టి అన్ని విధాలా మెరుగు అనుకోవడానికి లేదు.

తలుపు రేకుల కంటే కూడా దాన్ని పట్టుకుని ఉండే భాగాలు ఎక్కువ భయపెడతాయి. తలుపు బరువంతా మోసే కింది ఇరుసును పింటిల్ అంటారు. పైన గోడకు కట్టి ఉంచే లంగరు కడ్డీలు ఉంటాయి. ఒక రేకు పగిలితే బరువు పక్క రేకులు పంచుకుంటాయి. లంగరు తెగితే పంచుకోవడానికి ఇంకేమీ ఉండదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. అది లాకు కాదు, అక్కడి గేటు రకమూ వేరు. కానీ అక్కడ తెగింది గేటును పట్టి ఉంచిన గొలుసు. తనిఖీల్లో పెద్ద రేకులతో పాటు ఇలాంటి చిన్న భాగాల మీదా శ్రద్ధ చూపాలి.

పగులును ఎలా పట్టుకుంటారు?

మొదటి సాధనం కన్ను. రంగు వేసిన ఉక్కు మీద సన్నని గీతలా తుప్పు కారుతుంటే దాని వెనక పగులు ఉండే అవకాశం ఎక్కువ. ఆ చోట రంగు గీకి, శుభ్రం చేసి, ఎర్రటి ద్రవం పూస్తారు. అది పగుల్లోకి ఇంకుతుంది. తుడిచేసి పైన తెల్లపొడి చల్లితే ఇంకిన ద్రవం పైకి వచ్చి గీత కడుతుంది. అయస్కాంత క్షేత్రం పెట్టి ఇనుప రజను చల్లడం ఇంకో పద్ధతి. రజను పగులు వెంట గుమిగూడుతుంది. పైకి తేలని పగుళ్లకు అల్ట్రాసౌండ్ వాడతారు. ఆస్పత్రిలో చేసే స్కానింగ్ లాంటిదే, ప్రతిధ్వని వచ్చే తీరును బట్టి లోపల ఏముందో చెబుతారు.

వీటన్నిటితో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ముఖ్యమైన అతుకులు నీళ్ల కింద ఉంటాయి. కాబట్టి లాకును ఖాళీ చేయాలి. రెండు చివర్లా స్టాప్‌లాగ్‌లు దించి, లోపలి నీళ్లు పంపులతో తోడేసి, బురద తీసి, అప్పుడు మనుషులు దిగుతారు. ఇది వారాల పని. అన్నాళ్లూ రవాణా ఆగుతుంది. రవాణా ఆపడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి తనిఖీ వాయిదా పడుతూ ఉంటుంది. ఈతగాళ్లను దించి చూపించడం మధ్యేమార్గం. కానీ మసక నీళ్లలో వెంట్రుకంత పగులును చేతి తడుముడుతో పట్టుకోవడం కష్టం.

అందుకే తలుపు మీదే సెన్సర్లు అతికించడం మొదలైంది. సాగుడును కొలిచే చిన్న గేజీలు తలుపు నిండుతూ ఖాళీ అవుతూ ఉన్నప్పుడు ఒత్తిడి ఎలా మారుతోందో రాసుకుంటూ పోతాయి. అమెరికా ఆర్మీ ఇంజినీర్ల కోర్ కొన్ని లాకుల్లో ‘స్మార్ట్ గేట్’ పేరుతో ఈ పద్ధతిని పెట్టింది. అవి పగులును నేరుగా చూపించాలని లేదు. నిన్నటిదాకా ఒక తీరులో వచ్చిన ఒత్తిడి ఇవాళ వేరే తీరులో వస్తోందంటే ఎక్కడో ఏదో సడలిందని అర్థం. అప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

కాంక్రీటు పెరుగుతుందా? చికమౌగా కథ

టెనెసీ నదిపైనే విల్సన్‌కు ఎంతో ఎగువన, చట్టనూగా నగరం దగ్గర చికమౌగా లాకు ఉంది. 1940లో పూర్తయింది. వెడల్పు 60 అడుగులు, పొడవు 360 అడుగులు. దాని జబ్బు తలుపుల్లో కాదు, గోడల్లో ఉంది. ఆ గోడల కాంక్రీటు దశాబ్దాలుగా నెమ్మదిగా ఉబ్బుతోంది. స్థానికులు దాన్ని ‘పెరిగే కాంక్రీటు’ అంటారు.

కారణం కంకర. కట్టేటప్పుడు దగ్గర్లోని క్వారీ రాయి వాడారు. ఆ రాయిలోని కొన్ని ఖనిజాలు సిమెంటులోని క్షారాలతో రసాయన చర్య జరుపుతాయి. తేమ ఉన్నంతకాలం ఆ చర్య సాగి కాంక్రీటు లోపలి నుంచి ఉబ్బుతుంది. లాకులో తేమకు లోటేముంటుంది? కంకర, క్షారాల మధ్య ఇలాంటి చర్య కాంక్రీటును పగలగొడుతుందని కాలిఫోర్నియా ఇంజినీర్ థామస్ స్టాంటన్ మొట్టమొదట ప్రచురించింది 1940లోనే, అంటే చికమౌగా పూర్తయిన ఏడాదే. కట్టినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. వాళ్ల చేతిలో ఆ విషయం చెప్పే పరీక్షే లేదు.

ఈ జబ్బుకు మందు లేదు. ఉబ్బిన గోడ దిమ్మెలను పొడవాటి ఉక్కు కేబుళ్లతో బిగించి నేలలోకి లంగరు వేస్తారు, కదలికలను కొలుస్తారు, పగుళ్లలో సిమెంటు పాలు ఎక్కిస్తారు. కొన్ని డ్యాముల్లో వజ్రపు తీగ రంపాలతో కాంక్రీటును నిలువుగా కోసి, ఉబ్బడానికి చోటు ఇస్తారు. టెనెసీకి ఉపనది అయిన లిటిల్ టెనెసీ మీద ఫోంటానా డ్యామ్‌ను 1970ల్లో ఇలాగే కోశారు. ఉబ్బు ఆగదు కాబట్టి కొన్నేళ్లకు ఆ సందు మూసుకుపోతుంది, మళ్లీ కోయాలి.

చికమౌగాలో చివరికి కొత్త లాకు కట్టక తప్పదని తేలింది. 2003లో అమెరికా కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. రెండు దశాబ్దాలు దాటినా నిధులు ఆగుతూ సాగుతూ పని నడుస్తోంది. మూసేసి ఊరుకోవచ్చు కదా అనుకోవచ్చు. అలా చేస్తే ఎగువన 300 మైళ్లకు పైగా, అంటే దాదాపు 500 కిలోమీటర్ల జలమార్గం మిగతా దేశంతో తెగిపోతుంది.

చికమౌగా నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పాత గదిలో ఒకసారికి ఒక పెద్ద బార్జి మాత్రమే పడుతుంది. 110 అడుగుల వెడల్పు, 600 అడుగుల పొడవుతో కడుతున్న కొత్తదానిలో తొమ్మిది పడతాయి. తొమ్మిది బార్జిల సరుకు దాటడానికి కొత్త లాకు ఒకసారి నిండితే చాలు, పాతది తొమ్మిదిసార్లు నిండాలి. సరుకు అంతే అయినా చిన్న లాకు తలుపులు తొమ్మిది రెట్లు పనిచేస్తాయి. చిన్న లాకు త్వరగా అలసిపోవడానికి ఇదో కారణం.

కాంక్రీటును ఎలా పరీక్షిస్తారు?

గోడ మీద పగులు కనిపించగానే ఫొటో తీసి వాట్సాప్‌లో ‘కూలిపోతోంది’ అని పెట్టడం తేలిక. నిజానికి లాకు గోడలు మీటర్ల మందం ఉండే దిమ్మెలు. వాటి పైపొర పగుళ్లు చాలావరకు హాని చేయవు. కంగారు పడాల్సినవి వేరు. సాలెగూడులా అల్లుకుని తెల్లటి జిగురు కారుతున్న పగుళ్లు, తడి ఎప్పుడూ ఆరని పగుళ్లు, ఏటా వెడల్పు మారుతున్న పగుళ్లు, రెండు దిమ్మెల మధ్య అంచు ఒకటి ముందుకు జరిగిన చోట్లు. పగులు వెడల్పు ఎంత అనే దానికన్నా, పోయినసారి కొలిచినప్పుడు ఎంత ఉంది అన్నది ముఖ్యం.

చిన్న సుత్తి లాంటి పరికరంతో కొట్టి చూసే పరీక్ష పైపొర గట్టిదనాన్నే చెబుతుంది. మనదేశంలో విరివిగా వాడే మరో పద్ధతి ధ్వని తరంగాల వేగం. భారతీయ ప్రమాణాల ప్రకారం తరంగం సెకనుకు 4.5 కిలోమీటర్ల కన్నా వేగంగా వెళితే కాంక్రీటు చాలా బాగున్నట్టు, 3 కిలోమీటర్ల కన్నా తగ్గితే అనుమానించాల్సినట్టు పాతకాలంగా లెక్క ఉంది. మీటర్ల మందం ఉన్న గోడ లోపలి సంగతికి మాత్రం కోర్ తీయాల్సిందే. గొట్టం లాంటి డ్రిల్లుతో స్తంభాకారపు ముక్కను బయటికి తీసి, పలుచటి బిళ్లలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. కంకర చుట్టూ జిగురు పొర ఉందా, పగుళ్లు కంకర గుండా పోయాయా అన్నది అక్కడ తెలుస్తుంది.

ఇక్కడే చాలా నివేదికలు పాఠకులను తప్పుదోవ పట్టిస్తాయి. ఉబ్బే కాంక్రీటు ముక్కను నొక్కి చూస్తే బలం మామూలుగానే వస్తుంది. పడిపోయేవి లాగుడుకు తట్టుకునే శక్తి, బిగువు. కాబట్టి ‘కోర్ పరీక్షలో నొక్కుడు బలం సంతృప్తికరం’ అన్న ఒక్క వాక్యం చదివి నిశ్చింతగా ఉండలేం. మన దేశంలోనూ హీరాకుడ్, రిహంద్ డ్యాముల్లో ఇలాంటి కంకర సమస్య బయటపడింది. అది అమెరికాకే పరిమితమైన జబ్బు కాదు.

ఇప్పుడు మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మాటకు వద్దాం. గోడ ఉబ్బితే తలుపు లంగరు కాస్త జరుగుతుంది. తలుపులు రెండూ సరిగ్గా మధ్యలో కలవవు. ఒక అంచు గట్టిగా ఆనుతుంది, ఇంకో అంచు గాలిలో ఉంటుంది. ఒత్తిడి ఒక చోట పోగవుతుంది. ఘనం లెక్క ప్రకారం ఉక్కు ఆయుష్షు ఒక్కసారిగా పడిపోతుంది. సివిల్ విభాగం గోడ నివేదిక, మెకానికల్ విభాగం గేటు నివేదిక వేర్వేరు ఫైళ్లలో ఉంటే ఈ బంధం ఎవరి కంటా పడదు. మంచి అంచనాలో రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి.

కాంక్రీటు బాగున్నా గోడ జారిపోతే?

1961 జూన్ 2న విల్సన్‌కు కొద్ది దూరం ఎగువన ఉన్న వీలర్ లాకులో ఒడ్డు వైపు గోడ ఒక్కసారిగా లోపలికి జారిపోయింది. ప్రాణనష్టం జరిగింది. పక్కనే కొత్త లాకు కోసం తవ్వుతున్నారు. కాంక్రీటు పాడవలేదు. పునాది కింద రాతిలో ఉన్న మెత్తటి పొర మీద గోడ జారింది. అందుకే గోడ అంచనాలో కాంక్రీటుతో పాటు పునాది కింద నీటి ఒత్తిడిని కొలిచే గొట్టాలు, గోడ ఒరుగుతోందా చూసే లోలకాలు కూడా ఉంటాయి. కాలువ గట్టున ఇసుకో మట్టో తవ్వేవాళ్లకు ఈ కథ వినిపించాలి.

తనిఖీ కోసం లాకును పూర్తిగా ఖాళీ చేసే సమయమూ గోడకు గడ్డుకాలమే. గదిలో నీళ్లు ఉన్నంతసేపూ అవి గోడను లోపలి నుంచి బయటికి తోస్తూ, వెనక మట్టి తోపుకు ఎదురు నిలుస్తాయి. నీళ్లు తీసేస్తే ఆ ఆసరా పోతుంది. అనుమానం ఉన్న గోడకు ముందు లెక్క వేసి, అవసరమైతే వెనక మట్టిలోని నీటిమట్టం దించి, అప్పుడే గది ఖాళీ చేస్తారు.

మన లాకుల సంగతేంటి?

ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య కట్టారు. ఆ డెల్టా కాలువలు పొలాలకు నీళ్లతో పాటు పడవలనూ మోశాయి. ఆ కాలపు లాకుల గోడలు రాయి, ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. రైలు, ఆ తర్వాత లారీ వచ్చాక సరుకు రోడ్డెక్కింది.

కాబట్టి టెనెసీ లెక్కలను ఇక్కడ యథాతథంగా దించకూడదు. పడవలు ఆగిపోయిన లాకుకు సైకిళ్లు లేవు, తలుపుకు అలసట పెద్ద సమస్య కాదు. అక్కడ నిజంగానే ఏళ్లే లెక్కలోకి వస్తాయి. నీళ్లు సందుల్లోంచి పారుతూ సున్నాన్ని కొద్దికొద్దిగా కడిగేస్తాయి. రాళ్ల మధ్య రావి, మర్రి మొక్కలు మొలిచి వేర్లతో గోడను చీలుస్తాయి. సముద్రానికి దగ్గరి లాకుల్లో ఉప్పునీళ్లు ఇనుమును తినేస్తాయి. సున్నపు గోడకు సిమెంటు పూత పూయడం మన దగ్గర తరచూ కనిపించే మరమ్మతు. చూడ్డానికి కొత్తగా ఉంటుంది. కానీ గట్టి పూత వెనక తేమ చిక్కుకుని మెత్తటి సున్నం ఇంకా త్వరగా పాడవుతుంది. సున్నానికి సున్నంతోనే అతుకు వేయడం మేలు.

పడవలు మళ్లీ తిరిగితే లెక్క మారుతుంది. కాకినాడ–పుదుచ్చేరి కాలువలు, భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం దాకా గోదావరి, వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా కృష్ణా కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ దారిలో పాత లాకులు ఉన్నాయి. పాత గోడకు కొత్త ఉక్కు తలుపు బిగిస్తే ఆ తలుపు తోపంతా నూరేళ్లు దాటిన సున్నపు కట్టడంలోకి వెళుతుంది. తలుపు కొనే ముందు గోడ నుంచి కోర్ తీయాలి, లంగరు పడే చోట లాగి చూడాలి. ఈ వరస తిరగబడితే డబ్బు వృథా అవడం ఒక్కటే కాదు, పడవలో ఉన్నవాళ్లకు ముప్పు.

బాధ్యత ఎవరిదన్నది ఇంకో చిక్కు. 2021 డ్యామ్ భద్రతా చట్టం నిర్దేశిత డ్యాములకు వర్షాకాలం ముందూ వెనకా తనిఖీ తప్పనిసరి చేసింది. కానీ అదే చట్టం ‘డ్యామ్’ నిర్వచనం నుంచి కాలువలు, నౌకాయాన మార్గాలు, వరద కట్టల వంటివాటిని పక్కన పెట్టింది. కాలువ మీది లాకు ఆ నిఘా పరిధిలోకి రాదన్నమాట. దాన్ని చూసుకోవాల్సింది కాలువను నడిపే విభాగమే. తనిఖీ చేయకపోతే అడిగే వేరే యంత్రాంగం ఈ చట్టం కింద లేదు.

మీరు ఏం అడగొచ్చు?

మీ ఊరి లాకు గురించి సమాచార హక్కు చట్టం కింద రాష్ట్ర జలవనరుల శాఖకు దరఖాస్తు పెట్టొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ‘లాకు భద్రంగా ఉందా?’ అని అడిగితే ‘ఉంది’ అనే ఒక్క ముక్క వస్తుంది. కాగితాలు అడగండి. గదిని చివరిసారి పూర్తిగా ఖాళీ చేసి చూసింది ఎప్పుడు, ఆ నివేదిక ప్రతి ఇవ్వండి అనండి. పడవలు నడుస్తుంటే ఏడాదికి ఎన్నిసార్లు నింపి ఖాళీ చేశారో రిజిస్టరు ఉందా అని అడగండి. పగుళ్ల పటం గీశారా, అంతకుముందు పటంతో పోల్చారా అన్నది ఇంకో ప్రశ్న. కోర్ తీశారా, తీస్తే నొక్కుడు బలం ఒక్కటే చూశారా, మైక్రోస్కోపు కింద కూడా చూశారా? గేటు లంగరులను విడిగా పరీక్షించారా?

కట్టినప్పటి డ్రాయింగులు ఉన్నాయా అని కూడా అడగండి. గోడ మందం, పునాది లోతు, లంగరు ఎక్కడ ఉందన్నది తెలియకుండా ఎవరూ ఏ లెక్కా వేయలేరు. డ్రాయింగులు లేవని జవాబు వస్తే, కొలతలు మళ్లీ తీసి కొత్తగా గీయించడమే ఆ లాకుకు జరగాల్సిన మొదటి పని.